కడప జిల్లాలో అనువర్తిత గణిత పరిశోధన

కడప జిల్లాలో అనువర్తిత గణితమంటే చాలావరకు ద్రవాల నడకకు లెక్క కట్టడమే. దీని వేరు తిరుపతిలో ఉంది. అక్కడ 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1977లో కడపలో పీజీ సెంటర్ తెరిచింది. ఆ సెంటరే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. ఇక్కడి గణిత శాఖ పేరే అనువర్తిత గణితం. అదే ఏడాది పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల, ఆ తర్వాత ప్రొద్దుటూరులో వేమన విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల వచ్చాయి.

లెక్కకు సరుకు ఇక్కడి ఏట్లోనే ఉంది. వేసవిలో జమ్మలమడుగు దగ్గర పెన్నలో చెలమ తవ్వితే ఇసుకలోంచి నీళ్లు మెల్లగా ఊరతాయి. ఇలాంటి ఊటకు సూత్రం 1856లో ఫ్రాన్స్ ఇంజినీరు హెన్రీ డార్సీ ఇచ్చాడు. గోడను ఆనుకుని పారే ద్రవం పల్చటి పొరలో ఎలా నెమ్మదిస్తుందో 1904లో జర్మనీ శాస్త్రవేత్త ప్రాంట్ల్ చెప్పాడు. దానికి అయస్కాంత క్షేత్రం, వేడి జోడిస్తే ఈ ప్రాంతపు పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాల్లో తరచూ కనబడే సమస్య తయారవుతుంది.

ప్రాంట్ల్ శిష్యుడు బ్లాసియస్ 1908లో తీసుకున్న చదునైన పలక సమస్యనే చూద్దాం. పలక మీద వేగం సున్నా, దూరాన 1. మధ్యలో వేగం పెరిగే తీరు తెలియాలంటే పలక దగ్గరి వాలు కావాలి, తెలియనిది అదే. 0.3 అనుకుని రుంగె-కుట్టా పద్ధతిలో అడుగడుగునా లెక్కిస్తూ పోతే దూరాన 0.93 వస్తుంది. తక్కువైంది. 0.35 అంటే 1.04, ఎక్కువైంది. చెట్టుమీది కాయకు రాయి విసిరి గురి సవరించుకున్నట్టు సవరిస్తూ పోతే 0.332 దగ్గర తగులుతుంది. దీన్ని 'షూటింగ్' పద్ధతి అంటారు. ఒకప్పుడు రోజుల తరబడి చేతి లెక్కలతో సాగిన ఈ పని ఇప్పుడు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్‌లో క్షణాల్లో అయిపోతుంది.

ఈ సులువే చిక్కు కూడా. పాత సమీకరణానికి ఇంకో పదం తగిలిస్తే కొత్త పేపరు. అసలు జవాబంటూ ఉందా, ఉంటే ఒకటేనా అన్న ప్రశ్న వెనకబడుతుంది. ఉస్మానియాలో చదివి అమెరికాలో స్థిరపడ్డ వంగీపురం లక్ష్మీకాంతం పట్టుకున్న కొస అది. 1976లో ఆయన 'నాన్‌లీనియర్ అనాలిసిస్' పత్రికను మొదలుపెట్టారు. ఆ ప్రశ్న ఎందుకంటే, ఉదాహరణకు ముడుచుకునే పలక మీది ప్రవాహానికి కొన్ని విలువల దగ్గర రెండేసి జవాబులుంటాయి. మ్యాట్‌ల్యాబ్ మాత్రం మనమిచ్చిన ఊహను బట్టి ఒక్కటే చూపి ఊరుకుంటుంది.