పాఠాల సమాచారానికి సొంత వెబ్‌సైట్

జ్వరంతో రెండు రోజులు కళాశాలకు రాని విద్యార్థి ఏ పాఠం ముగిసిందో, యూనిట్ పరీక్ష ఎప్పుడో తోటివారిని అడిగి తెలుసుకోవాల్సి వస్తుంది. ఫోన్‌లో పంపిన తేదీ ఆ తర్వాతి సందేశాల కింద మరుగున పడుతుంది. అధ్యాపకులు చిన్న వెబ్‌సైట్ రూపొందించుకుంటే ఈ సమాచారమంతా ఒకేచోట స్థిరంగా ఉంటుంది. ఇందుకు ప్రోగ్రామింగ్ పరిజ్ఞానం అవసరం లేదు.

రూపకల్పన ఇలా: గూగుల్ సంస్థ 2008లో ప్రారంభించి, 2016లో కొత్త రూపమిచ్చిన 'గూగుల్ సైట్స్' సేవ ఉచితంగా లభిస్తుంది. జీమెయిల్ ఖాతాతో ప్రవేశించి ఖాళీ పేజీని ఎంచుకోవాలి. సబ్జెక్టు పేరును శీర్షికగా పెట్టి, వివరాలు చేర్చి ప్రచురిస్తే వెబ్‌సైట్ సిద్ధమవుతుంది. దాని చిరునామాను తరగతి గది బోర్డుపై రాస్తే సరిపోతుంది.

ఏమేం ఉండాలి: సిలబస్, వారాలవారీ పాఠ్య ప్రణాళిక, పరీక్షల తేదీలు, సొంతంగా తయారుచేసిన నోట్స్‌కు ఒక్కో పేజీ చొప్పున నాలుగు చాలు. సమాచారాన్ని చివరిసారి మార్చిన తేదీని ప్రతి పేజీలో తప్పక ఇవ్వాలి. విద్యార్థులు ఎక్కువగా ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి ఫొటోల పరిమాణాన్ని తగ్గించి ఉంచాలి.

తెలుగులో రాసేటప్పుడు: యూనికోడ్‌లోనే టైపు చేయాలి. డీటీపీకి వాడే పాత ఫాంట్లలో చేసిన పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. వెతికినా దొరకదు.

జాగ్రత్తలు: విద్యార్థుల మార్కులు, ఫోన్ నంబర్లు, ఫొటోలు పెట్టరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. మార్కెట్‌లో అమ్మే పాఠ్యపుస్తకాలను స్కాన్ చేసి ఉంచడం కాపీరైట్ ఉల్లంఘన కిందకు రావచ్చు.

నకలు తప్పనిసరి: ఉచిత సేవలు శాశ్వతమని భావించరాదు. 1994లో మొదలైన 'జియోసిటీస్' ఒకప్పుడు ఎందరికో సొంత పేజీలు ఇచ్చింది. 1999లో దాన్ని కొనుగోలు చేసిన యాహూ, 2009 అక్టోబరులో అమెరికాలో ఆ సేవను నిలిపివేసింది. నకలు దాచుకోనివారు ఏళ్ల శ్రమను కోల్పోయారు. అందువల్ల నోట్స్‌ను కంప్యూటర్‌లోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ భద్రపరచుకోవాలి.

వారానికి ఒకసారైనా వివరాలను సరిచూడటం అన్నింటికన్నా ముఖ్యం. మారిన పరీక్ష తేదీని సవరించకపోతే, వెబ్‌సైట్‌ను నమ్ముకున్న విద్యార్థే ఆ పరీక్షకు దూరమవుతాడు.