జెం సుల్తాను రక్షాకంచుకము

ముసల్మాను ప్రభువులు యుద్ధభయమునందును రోగభయమునందును ధరించుటకై ఖురాను వాక్యములును, భగవన్నామములును, అంకెల యంత్రములును లిఖింపబడిన చొక్కాలను సిద్ధపఱపించెడి యాచారము పూర్వ ముండెను. ఇస్తాంబులునందలి తోప్‌కాపి సౌధమున నట్టివి పెక్కులు భద్రపఱుపబడి యున్నవి. అందు రెండవ మెహమ్మదు కుమారుడగు జెం సుల్తానుది యొకటి. అందలి లేఖనమును బట్టి యది 1477లో నారంభింపబడి 1480లో ముగిసినది. ఆరంభసమాప్తుల ముహూర్తములు గూడ నందు వ్రాయబడినవి.

మఱుసటి యేట, 1481లో, తండ్రి గతించెను. సింహాసనమునకై పోరి, జెం తన యన్నయగు రెండవ బయజీదుచే నోడింపబడెను. పిదప ఈజిప్టు, రోడ్సు, ఫ్రాన్సు, రోములయందు శరణార్థియు బందీయునై కాలము గడిపి, 1495లో నేపుల్సున మరణించెను.

కంచుకము రాజపుత్రుని గాపాడకపోయినను చరిత్రకు నిరర్థకము కాదు. జయశాసనములు రాజుల గర్వమును జెప్పును. మూడేండ్లు శ్రమించి వ్రాసిన యీ వస్త్రము రాజగృహమందలి భయమును జెప్పుచున్నది.