బురద నేలపై పునాది లెక్కలు: నెల్లూరు తీరం

నెల్లూరు తీరంలో సముద్రం వెంబడి ఇసుక దిబ్బలుంటాయి. వాటి వెనక, ఉప్పుటేళ్ల పక్కన, పులికాట్ సరస్సు చుట్టూ మెత్తటి బంకమట్టి ఉంటుంది. ఇసుకపై బరువు పెడితే కుంగేదంతా కట్టుబడి సాగుతుండగానే కుంగిపోతుంది. బంకమట్టిలోని నీరు నిదానంగా బయటికి పోతుంది కాబట్టి కుంగుబాటు ఏళ్ల తరబడి సాగుతుంది. తాటాకు కప్పిన ఇంటికి ఇదేమంత ఇబ్బంది కాదు. బరువైన కట్టడాలకు మాత్రం ఇటుక బావులను లోతుకు దించి పునాది వేసేవారు.

తక్కువ లోతు పునాది ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని 1943లో మట్టి ఇంజనీరు టెర్జాగీ తన గ్రంథంలో ఇచ్చాడు. మట్టి బలహీనంగా ఉంటే ఆ సూత్రం పునాదిని వెడల్పు చేయమంటుంది. బంకమట్టిలో అదొక్కటే చాలదు, ఎందుకంటే వెడల్పు పెరిగిన కొద్దీ ఒత్తిడి మరింత లోతుకు పాకుతుంది.

1960లలో ఫ్రెంచి ఇంజనీరు ఆంరీ విడాల్ మట్టినే బలపరచడానికి దాని పొరల మధ్య ఇనుప పట్టీలు పరిచే పద్ధతి తెచ్చాడు. 1975లో పరిశోధకులు బింకే, లీ దాన్ని పునాదులకు వర్తింపజేసి ప్రయోగాలు చేశారు. పట్టీల పైనున్న మట్టి జారిపోవడం, పట్టీ ఊడి రావడం, పట్టీ తెగిపోవడం అనే మూడు రకాల వైఫల్యాలను వారు విడదీశారు. మొదటి పట్టీ పునాది వెడల్పులో మూడింట రెండు వంతుల కన్నా లోతుకు పోతే పైమట్టి జారే ప్రమాదం ఉందన్నారు. అంటే 2 మీటర్ల పునాదికి సుమారు 1.3 మీటర్లు. ఉప్పునీటి నేలలో ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి ఈ తీరానికి ప్లాస్టిక్ వల లాంటి జియోగ్రిడ్డే నప్పుతుంది.

లెక్కలో పెద్ద మలుపు 1988లో వచ్చింది. ఐఐటీ కాన్పూరులో పాఠాలు చెప్పి, తర్వాత హైదరాబాదు జేఎన్‌టీయూతోనూ అనుబంధమున్న ఎం.ఆర్. మాధవ్, మరో పరిశోధకుడు పూరూషాస్బ్‌తో కలిసి ఒక నమూనా ప్రచురించారు. అందులో మెత్తటి మట్టి 1867 నాటి వింక్లర్ పద్ధతిలో విడివిడి స్ప్రింగుల వరుస. పైన పోసిన గ్రావెల్, పక్క స్ప్రింగుకు బరువు పంచే పొర. నడుమ జియోటెక్స్‌టైల్ అనే బట్ట ఒక గరుకు పొర. బరువు కింద అది వంగితే బిగుసుకుంటుంది, ఆ బిగువే కొంత బరువును మోస్తుంది. తమాషా ఏమిటంటే, నేల అసలు కుంగకపోతే ఆ పొర పెద్దగా పనిచేయదు. ఎంత కుంగితే ఎంత బిగువు వస్తుందన్నది సూత్రానికి తేలికగా లొంగదు, కంప్యూటరు కావాలి.

1987లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్లాక్సిస్ వంటి ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రాములు మట్టిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకూ ఈ లెక్క చేస్తాయి. నెల్లూరు తీరంలోనూ ఈ లెక్కల అవసరం పెరిగింది: 2008లో మొదలైన కృష్ణపట్నం రేవు, ఆ పక్కన వెలసిన థర్మల్ కేంద్రాలు భారీ బరువులను ఉప్పుటేటి నేలల దగ్గరికి తెచ్చాయి. ఇలాంటి చోట ఇసుక పొర మందం, దాని కింద బంకమట్టి లోతు కొద్ది దూరంలోనే మారిపోవచ్చు. అందుకే ఒకే బోరులో తీసిన మట్టిని బట్టి స్థలమంతటికీ లెక్క కట్టడం ప్రమాదకరం. బరువు వేసిన నాటి బలంతో పాటు, నీరు బయటికి పోయేంత కాలంలో జియోగ్రిడ్ ఎంత సాగుతుందో కూడా లెక్కలో చేర్చాలి.