బంజరని రాసిందెవరు?

అడవి చరిత్రను చట్టాలతో మొదలుపెట్టడం మన చరిత్రకారులకు అలవాటు. పుల్లలేరుకున్నవాళ్లు, గొడ్లు మేపుకున్నవాళ్లు అందులో నేరస్తులుగానే కనిపిస్తారు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో పుల్లకూ, మేతకూ కాపలా పెట్టింది. మిగిలిన నేలను రికార్డులు బంజరనో పోరంబోకనో రాసుకున్నాయి. దాని మీద బతికినవాళ్ల పేర్లు మాత్రం రాయలేదు.

ఆ రాత ఇప్పటికీ పనిచేస్తోంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు అడవి కాదు, రెవెన్యూ భూమి అన్నది తెలంగాణ ప్రభుత్వం. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపింది. రికార్డులో ఏం రాసున్నా అడవి అడవేనని ఆ కోర్టే 1996లో గోదావర్మన్ కేసులో చెప్పింది.

అదే 2025 అక్టోబరులో విశాఖ దగ్గర గూగుల్ డేటా సెంటర్ ప్రకటించారు: తర్లువాడ, అడవివరం, రాంబిల్లి. డేటా సెంటరంటే రాత్రీపగలూ నడిచే కంప్యూటర్ల గిడ్డంగి. నడపడానికి కరెంటు, చల్లబరచడానికి నీళ్లు కావాలి. తర్లువాడలో దళితుల డి-పట్టా భూములున్నాయి. ఆ భూములు పేదల చేయి దాటకూడదని 1977లో చట్టం చేశారు. కానీ ఇచ్చిన సర్కారే ప్రజాప్రయోజనమని వెనక్కి తీసుకోగలదు.

చెట్టును కాపాడేవాళ్లతో మాకు పేచీ లేదు. చెట్టు కింది మనిషిని తోలేసే 1882 నాటి కాపలా మాత్రం మాకొద్దు. అడవీ, డి-పట్టా ఒకే కలం పోటుకి పోతున్నప్పుడు కొట్లాట రెండుగా ఉండకూడదు. గ్రామసభలో మొదట అడగాల్సిందిదే: ఈ నేల మీద ఎవరు బతుకుతున్నారు? వాళ్ల పేర్లు ఎక్కడ రాశారు?