మెనూ పట్టీలో తెలుగు: పదాల ఎంపిక – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కంప్యూటర్ తెరపై అడ్డంగా కనిపించే మెనూ పట్టీకి నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. ఆపిల్ సంస్థ 1983లో విడుదల చేసిన లీసా, 1984లో తెచ్చిన మాకింటాష్ కంప్యూటర్లు తెర పైభాగాన ఈ పట్టీని నిలిపాయి. 1985 నాటి మొదటి విండోస్ దానిని ఒక్కొక్క విండోకు విడిగా అమర్చింది. ఐబీఎం 1987లో ప్రకటించిన నియమావళి ఫైల్, ఎడిట్, వ్యూ, హెల్ప్ వంటి పదాల వరుస స్థిరపడటానికి తోడ్పడింది. ఆ వరుసను తెలుగు చేయడంలో ఎదురైన భాషాసమస్యలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దస్త్రమా, ఫైలా?

తెలుగు సాఫ్ట్‌వేర్లలో ఈ రెండు పదాలూ కనిపిస్తాయి. దస్త్రం అచ్చతెలుగు కాదు. ఫారసీ, ఉరుదూల మార్గంలో రెవెన్యూ వ్యవహారంలోకి వచ్చి నిలిచిన మాట. కాబట్టి ఇక్కడి పోటీ పాత ఆదానానికీ కొత్త ఆదానానికీ మధ్యనే. గాజువాక వ్యవహారంలో ఇటువంటి జంట పదాలున్నాయి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంలోను, ఉక్కునగరం పేరులోను ‘ఉక్కు’ నిలిచింది. నిత్యవ్యవహారంలో ‘స్టీల్ ప్లాంట్’ అంటారు. సందర్భభేదం ఉన్నచోట రెండూ బతుకుతాయి. మెనూ పట్టీలో ఒక స్థానానికి ఒకే పదం కావాలి.

విధ్యర్థకమా, నామమా?

‘సవరించు’ అన్నప్పుడు వాడుకరి యంత్రాన్ని ఆదేశిస్తున్నాడు. ‘సవరించండి’ అన్నప్పుడు యంత్రం వాడుకరిని కోరుతోంది. ‘సవరణ’ అన్న నామం ఈ సందిగ్ధతను తప్పిస్తుంది. చోటూ తక్కువ తీసుకుంటుంది. ఆంగ్లంలోని ‘ఎడిట్’కు మర్యాదభేదం లేనందున ఈ ప్రశ్నే తలెత్తదు.

అక్షరం – సంకేతం

1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. అయితే కంటికి రెండక్షరాలైన ‘దస్త్రం’ అందులో ఏడు సంకేతాలు: ద, స, పొల్లు, త, పొల్లు, ర, సున్న. పైగా మీటలపై ఉన్నవి ఆంగ్ల అక్షరాలు. అందువల్ల కొన్ని అనువాదాలు తెలుగు పదం పక్కనే ‘ఎఫ్’ వంటి ఆంగ్ల సత్వరాక్షరాన్ని నిలుపుకున్నాయి.

ముగింపు

2003లో మొదలైన తెలుగు వికీపీడియా పుట పైభాగంలో ‘చర్చ’, ‘చరిత్ర’ వంటి పరిచిత పదాలు సహజంగా అమరాయి. ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పదం ఎదురైతే మాత్రం వాడుకరి తిరిగి ఆంగ్లానికే మళ్ళుతాడు. కనుక ఈ పదాల ఏకరూపతను అనువాదకుల ఇష్టానికే విడిచిపెట్టక, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పరిశోధనాంశంగా స్వీకరించడం అవసరం.