ఒంటి తీగ దీపం
(మన సైకిళ్ళు, వాటి సామాన్ల కథ)

బడి ప్రహరీకి వరసగా ఆనించిన సైకిళ్ళు మన తరం వాళ్ళందరికీ గుర్తుండే ఉంటాయి. ఆ సైకిళ్ళ గురించి, వాటికి మనం బిగించుకున్న సామాన్ల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది.

స్వాతంత్ర్యానికి ముందు మన దేశంలో తిరిగిన సైకిళ్ళలో ఎక్కువ భాగం ఇంగ్లాండు నుంచి దిగినవే. ర్యాలీ, హంబర్ పేర్లు మన పెద్దవాళ్ళ నోట వినేవాళ్ళం. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాక సైకిలు మామూలు ఇళ్ళకూ వచ్చింది. అయితే స్టాండు, కేరియరు, బెల్లు, చైను కవరు, డైనమో విడిగా కొని షాపులో బిగించుకునేవాళ్ళం.

ఫ్రేము పలుచటి ఉక్కు గొట్టాలతో చేసింది. దానికి బెజ్జం పెడితే బలం పోతుంది. అందుకే స్టాండు, కేరియరు వెనక ఇరుసు నట్లకూ సీటు కింది బోల్టుకూ బిగిసేవి. డైనమోను మాత్రం ముందు ఫోర్కుకు ఇనప పట్టీతో బిగించేవారు.

1979 నవంబరులో విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్, 210 మెగావాట్లది, మన ఇబ్రహీంపట్నంలో మొదలైంది. మరుసటి ఏడు రెండోది. షిఫ్టు మారే వేళల్లో ఇప్పుడు రింగ్ సెంటర్ అంటున్న కూడలి సైకిళ్ళతో నిండిపోయేది. కొండపల్లి, జూపూడి వైపు రోడ్లమీద డైనమో దీపాలు బారులు తీరేవి. మా నాన్న కూడా ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరుగా రాత్రి షిఫ్టుకు అలాగే వెళ్ళేవారు.

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. పండక్కి నాన్న సైకిలుకు రంగు వేశాను. కొత్త రంగు గీసుకుపోకూడదని డైనమో పట్టీ కింద పాత ట్యూబు ముక్క చుట్టి బిగించాను. ఆ రాత్రి దీపం వెలగలేదు. బల్బు పోయిందనుకుని నాన్న అలాగే బయల్దేరారు. మెత్తటి రబ్బరు మీద పట్టీ నిలవక దారిలో డైనమో జారి చువ్వల్లో పడింది. ముందు చక్రం బిగుసుకుపోయింది. నాన్న ఎగిరి రోడ్డుమీద పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు పనిలేదు, కూలీ లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏం వండారో అమ్మకే తెలియాలి.

కారణం నాకు బళ్ళో తెలిసింది. సైన్సు మాస్టారు మమ్మల్ని ఒక సైకిలు దగ్గరికి తీసుకెళ్ళి, "దీపం వెలగాలంటే రెండు తీగలుండాలి కదరా, ఇక్కడ ఒకటే ఉందేం?" అని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయాం. పట్టీకి ఉన్న మొనదేలిన చిన్న మరను చూపించారు. అది రంగును చీల్చుకుని ఇనుముకు తగలాలట. అప్పుడు ఫ్రేమే రెండో తీగ అవుతుందట. "1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే దీనిలోనూ ఉంది, మన థర్మల్‌లోనూ ఉంది. ఇది ఆరు వోల్టులు, మూడు వాట్లు. అంతే తేడా" అన్నారు. నేను తల దించుకుని నిలబడ్డాను.

నాన్నకు ఆ సంగతి నా ఉద్యోగం వచ్చాకే చెప్పగలిగాను. "ఆ రబ్బరు ముక్క ఊడదీసింది నేనే కదరా. నాకప్పుడే తెలుసు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు మన ఊళ్ళో ఆడపిల్లలు ముందు బుట్ట ఉన్న సైకిళ్ళమీద బడికి వస్తున్నారు. మనవళ్ళ సైకిళ్ళకు బ్యాటరీ లైట్లు, సీసా పట్టీలు, ఫోను పట్టీలు. వీటికి ఫ్రేముతో కరెంటు పని లేదు కాబట్టి పట్టీ కింద పలుచటి రబ్బరు ఉండటమే మంచిది. ఏది బిగించినా చేత్తో గట్టిగా కుదిపి చూడాలి. చక్రాన్ని ఎత్తి పూర్తిగా తిప్పాలి. హేండిల్‌ను రెండు వైపులా చివరిదాకా మళ్ళించి, బ్రేకు తీగ ఎక్కడా నలగడం లేదని చూసుకోవాలి. బుట్టలో బరువెక్కువైతే హేండిల్ మాట వినదు. సంచీ తాళ్ళు చువ్వల దగ్గర వేలాడకూడదు. వారం తిరిగాక నట్లు మరోసారి బిగించాలి.

మా మనవడి సైకిలుకు ఏం బిగించినా ముందు నేనే కుదిపి చూస్తాను. వాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ.