గట్టు లోపలి నీరు

నరసాపురమున వరద యనగానే అందరికిని వశిష్ఠ గోదావరియే కన్నులయెదుట నిలుచును. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చిన మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ అంకెలు చదువునపుడు ఏటిగట్టు ప్రక్క యిండ్లవారు చేతిలోని ముద్ద నోట పెట్టుకొనక విందురని మేమెరుగుదుము. కాని గోదావరి గట్టు దాటకయే, వట్టి వానకే, మోకాటిలోతు నీరు నిలుచు వీధులు డెల్టా పట్టణములలో పెరుగుచున్నవి. ఈ ప్రసంగము ఆ నీటిని గురించినది.

డెల్టా బల్లపరుపు నేల యని పైపైన చూచువారనుకొందురు. నిజమునకు సముద్రము వెనుదీసినకొలది మిగిలిన పాత ఇసుక దిబ్బలు ఇందు వరుసలుగా కలవు. పెద్దలు ఆ మెరకల మీదను, ఏరు తానే ఒండ్రు వేసి ఎత్తుచేసిన ఒడ్డుల మీదను ఊళ్లు కట్టి, పల్లమును వరికి విడిచిరి. పదునేడవ శతాబ్దిలో నరసాపురము ఓడలు కట్టు రేవు. డచ్చివారు ఇక్కడను పాలకొల్లునను, ఆంగ్లేయులు మాధవాయపాలెమునను వర్తకశాలలు పెట్టిరి. మదపోలము బట్టకు ఆ పేరు ఈ పాలెమునుండియే వచ్చినది.

1847లో కాటన్ దొర మొదలిడి 1852 నాటికి ముగించిన ఆనకట్టతో నేల తీరు మారినది. సాగునీటి కాలువలు మెరక వెంట, మురుగు కాలువలు పల్లము వెంట సాగినవి. నదికి ఇరువైపుల గట్లు లేచినవి. 1986 ఆగస్టులో ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులు దాటెను. ఆ వరదనే కొలబద్దగా పెట్టుకొని తరువాత గట్లను పెంచినారు. 2022 జూలైలో 25 లక్షలు దాటెను. గట్టు ఎంత బలిసిన నదికి అంత అడ్డు, నిజమే. కాని లోపల కురిసిన వానకును అదియే అడ్డు! ఏరు నిండుగా ఉన్నపుడు గట్టు తూములు మూయక తప్పదు. యనమదుర్రు, గొంతేరు వంటి మురుగు కాలువలు సముద్రము వైపు పోవలెనన్న పోటు తగ్గువరకు వేచియుండవలెను. అంతవరకు ఆ నీరు ఎక్కడ నిలుచును?

వరిచేలలో నిలిచెడిది. ఇక్కడ కొంచెము లెక్క చెప్పక తప్పదు. ఒక ఎకరముపై ఒక అంగుళము నీరు నిలిచిన అది లక్ష లీటర్లకు మించును. నాలుగంగుళములు నిలుపగల చేను నాలుగు లక్షల లీటర్లను, అద్దె అడుగక, రెండు మూడు దినములు దాచిపెట్టును. ఆ చేనిని కొని, రోడ్డు మట్టమునకు మట్టి తోలి, రాళ్లు పాతి, ఇండ్ల స్థలములుగా అమ్మినపుడు ఆ నాలుగు లక్షల లీటర్లు ప్రక్కచేనికి పోవును. ప్రక్కచేనును మెరక చేసిన, పాత వీధికి వచ్చును. బోదె పూడ్చి దారి చేసినచో వచ్చిన నీరు పోవుటకును దిక్కులేదు. దీనికి తోడు చేపల చెరువుల గట్లు, కాలువ నిండ గుర్రపుడెక్క.

1964 వరదల తరువాత మిత్రా సంఘము కృష్ణా గోదావరి డెల్టాల మురుగు పారుదలను పరిశీలించినది. 1968లో మురుగు పారుదల పన్ను చట్టము వచ్చి, ఆ కాలువల బాగునకు భూమిగలవారు పన్ను కట్టిరి. తండ్రులు పన్ను కట్టి వెడల్పు చేయించుకొనిన కాలువలోనికి పోవు పిల్లబోదెలను కొడుకులు స్థలములతో కలిపి అమ్ముకొనుచుండుట చిత్రము. వ్యవసాయేతర భూమి పన్నును ఆంగ్లాక్షరముల సంక్షేపముతో 'నాలా' అందురు. హైదరాబాదు వాడుకలో నాలా యనగా మురుగు కాలువ. నాలా రుసుము కట్టిన కాగితము చూపి నాలాను పూడ్చుటను మేము కన్నాము.

నాడు ఇక్కడ వర్తకము చేసిన డచ్చివారి దేశము కూడ పల్లమే. 1953 ఫిబ్రవరి 1న సముద్రము గట్లు తెంచుకొని వచ్చి అక్కడ 1,836 మందిని పొట్టన బెట్టుకొనెను. ఆ యేడే ఆగస్టులో మన గోదావరికిని మహావరద వచ్చినది. వారు మొదట గట్లు పెంచిరి. అర్ధశతాబ్ది గడచిన పిదప 'నదికి చోటు' అను పథకముతో ముప్పదికి పైగా చోట్ల నీటికి నేల తిరిగి యిచ్చిరి, కొన్ని చోట్ల గట్లనే వెనుకకు జరిపిరి. అందుకై కొందరు ఇండ్లు వదలుకొనవలసి వచ్చెను. ఒకసారి ఇల్లు లేచిన తరువాత ఆ నేలను నీటికి తిరిగి యిచ్చుట ఎంత వ్యయమో, ఎంత క్లేశమో వారికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు.

స్థలము కొనువారు దిక్కు చూచుకొందురు, వీధిపోటు చూచుకొందురు, నీటిపోటు చూచుకొనరు. గ్రామపటము తెరచిన పుంత యేది, బోదె యేది, పూర్వము చెరువేది యని గీతలు గీసియే యుండును. ఎదురుగా ఉన్న కరణపు లెక్కలు చదువుట కష్టమైన, ఆ ప్రక్క చేను దున్నిన ముసలి రైతు నడిగిన చాలును. కార్తికమాసపు తుపానులో నీరు ఎటు పారెడిదో వ్రేలితో చూపును.

నరసాపురమున మేమెరిగిన పెంకుటిల్లొకటి యున్నది. మా చిన్ననాట వీధినుండి మూడు మెట్లెక్కి ఆ అరుగు చేరెడివారము. రోడ్డుపై రోడ్డు వేసినారు. వెనుకనున్న చేలు మెరక చేసి మేడలు కట్టినారు. ఇంటివారు ఒక్క ఇటుకయైన కదల్చలేదు. మొన్న పోయినపుడు వీధినుండి ఒక మెట్టు దిగి లోనికి పోయితిమి. గుమ్మమునకు అడ్డముగ సిమెంటుతో జానెడు గోడ కట్టియుండిరి.